ఇంటిపేరు చూసి చదివిన రక్తం

మా వదిన కసిమీరా తాయో గుండెపోటుతో చచ్చిపోయింది. ఈ మాట మా పట్నంలో ఎక్కడ అన్నా జనం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. "చిమానె మనిషికి గుండెపోటేంటి ఉర్బానా, ఎండదెబ్బ గానీ తగిలిందా నీకు?" అంటారు. పేపర్లో రాశారట, రేడియోలో చెప్పారట, ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో కెమెరాలు మోసుకొచ్చి మరీ చూపించారట, అడవిలో ఏటి ఒడ్డున బతికే మా చిమానెల గుండెలు లోకం మొత్తంలో శుభ్రమైనవని. ఇలా అన్నవాళ్ళందరి నోళ్ళూ మూయించాలంటే నాకీ జన్మ చాలదు. అందుకని ఆమె సంగతంతా మొదటి నుంచి ఒకసారి చెప్తాను. విన్నాక మీ ఇష్టం.

వదినంటే మా అన్న భార్య. అంతకుముందు మా మేనత్త కూతురు. మా చిమానెల్లో పెళ్ళంటే మేనరికమే. వరసైనవాళ్ళు ఎదురుపడితే ఒకరినొకరు ఏడిపించుకోవాలి, లేకపోతే ఏదో కోపం పెట్టుకున్నారని అర్థం. వదినకు ఆ పని వెన్నతో పెట్టిన విద్య. నా మొగుడు నన్నొదిలి సాంతాక్రూజ్ పారిపోయినప్పుడు అందరూ వచ్చి ఓదార్చారు, ఆమె ఒక్కతే వచ్చి, "పోనీవే, వాడి గురక విని జాగ్వార్లు కూడా మనూరి పక్కకు రావడం మానేశాయి" అంది. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వాను.

పుట్టింది మానికీ నది ఎగువన. చంటిపిల్లను వీపుకు కట్టుకుని, దోనెలో నిలబడి, వెదురుగడతో ఏటికి ఎదురు తోసేది. ఇప్పుడు తలచుకుంటే నాకే ఆయాసం వస్తుంది. అరటితోట, పెండలం చేను, వరిమడి అన్నీ ఆమె చేతుల మీదే. మా అన్న వేటకని వెళ్ళి వారానికొకసారి ఒక అడవిపందినో, ఒక్కోసారి ఉత్త చేతుల్నో తెచ్చేవాడు. ఆమె కాచిన పెండలం కల్లు కోసం జనం నాలుగు మలుపుల అవతల నుంచి దోనెలు వేసుకొచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు చాప మీద కూర్చోవాలి, సొరకాయ బుర్రతో కల్లు తాగాలి, ఏరెలా ఉంది, చేపలు పడుతున్నాయా అని మాట్లాడాలి. వచ్చిన పనేంటో ఆ తర్వాత ఎప్పుడో, పోయే ముందు చెప్పాలి. ఎక్కుతూనే పని చెప్పేవాణ్ణి మా వాళ్ళు మనిషి కింద లెక్కెయ్యరు. వదినకు ఈ మర్యాద మరీ ఎక్కువ.

మా ఊరికి ఏటా ఎండాకాలంలో రక్తం తీసే బృందం వచ్చేది. లారీ నిండా పెట్టెలు, ఐసు, సూదులు. మొదటిసారి వచ్చినప్పుడు పిల్లలు అడవిలోకి పరిగెత్తారు, మగవాళ్ళు పనున్నట్టు నటించారు. వదిన మాత్రం వెళ్ళి బల్ల మీద చెయ్యి పెట్టింది. "ఇన్నాళ్ళూ దోమలకు పోశాను, మీరూ తాగండి. మీరు కనీసం అడిగి తాగుతున్నారు" అంది. మా భాష తెలిసిన కుర్రాడు ఆ మాట స్పానిష్‌లో చెప్పగానే డాక్టరమ్మ మరీసోల్ నవ్వి నవ్వి సూది కింద పెట్టేసింది. వాళ్ళిద్దరికీ స్నేహం అక్కడ మొదలైంది.

కొన్నేళ్ళకు ఆ డాక్టరమ్మే మా ముసలివాళ్ళను కొందరిని మామోరే నది అవతల ఉన్న పెద్ద ఊరు త్రినిదాద్ తీసుకెళ్ళింది. అక్కడ గుండ్రటి చక్రంలాంటి యంత్రంలోకి మనిషిని తోస్తే లోపల గుండె నాళాలు కనిపిస్తాయి. వదిన తిరిగొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని చెప్పింది. "ఊపిరి బిగబట్టమన్నారే మరదలా. బిగబట్టాను. వదలమని చెప్పడం మర్చిపోయారు. చచ్చేదాన్నే."

ఆ యంత్రం చెప్పిందేంటో చెప్పడానికి డాక్టరమ్మ మరుసటి ఏడు మా ఇంటికే వచ్చింది. కల్లు తాగింది. ఏటి సంగతులు మాట్లాడింది. మా మర్యాద ఆమెకు బాగా పట్టుబడింది. ఆ తర్వాతే విషయంలోకి దిగింది.

"కసిమీరా, రక్తంలో ఒక అంకె చూస్తాం. సీఆర్పీ అంటాం. ఒంట్లో ఎక్కడో మంట రగులుతుంటే ఆ అంకె పైకి పోతుంది. నీకు చాలా ఎక్కువుంది. పట్నం మనిషికి అంతుంటే గుండె నాళాలు పాడైపోతున్నాయేమోనని మాకు గుబులు పుడుతుంది. నీ నాళాలు చూస్తే కడిగిన బుర్రలా ఉన్నాయి."

"అంటే? పొయ్యి మండుతోంది, మసి మాత్రం పట్టలేదంటావా?"

"అలాగే అనుకో. నీ మంట కడుపులో పురుగులది, జ్వరాలది. మసి పట్టకపోవడం నీ నడక వల్ల, నీ తిండి వల్ల అని మా లెక్క. కానీ ఒక మాట విను. ఇదేదో మీ జాతి రక్తంలో పుట్టిన వరమని నేననడం లేదు. చేను పోయి, నడక పోయి, పట్నం తిండికి అలవాటు పడితే ఆ నాళాలకూ మసి పట్టొచ్చు. అప్పుడీ అంకెకు అర్థం వేరే."

నేను అక్కడే ఉన్నాను, చెవులారా విన్నాను. ఆవిడ రెండు మాటలు చెప్పింది. లోకం ఒకటే మాట విన్నది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం జనం మా పట్నం నిండా ఉన్నారు. చిమానెలకు గుండె జబ్బు రాదట అని ఒకడంటే, ఇంకొకడు రానే రాదట అన్నాడు, మూడోవాడు దాన్ని గోడ మీద బొమ్మ వేయించాడు. సాంతా ఇరేనే ఆసుపత్రి ప్రహరీ మీద ఇప్పటికీ ఉందా బొమ్మ. బుట్ట మోస్తున్న చిమానె ఆడది, రొమ్ము మీద ఎర్రటి గుండె. నిన్న మొన్నటిదాకా బస్సులో మా పక్క సీటులో కూర్చోవడానికి ముక్కు మూసుకున్న వాళ్ళు, మా రక్తనాళాలు వాళ్ళ తాతల ఆస్తయినట్టు బయటివాళ్ళకు గొప్పలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మా వాళ్ళు సంతకొస్తే తూకంలో మోసం చేయడం మాత్రం మానలేదు.

తర్వాత మా అన్నను కలప కొట్టే చోట చెట్టు మీద పడి చంపింది. ఆ వెనకే ఒక వానాకాలంలో మానికీ ఒడ్డు కోసుకుపోయి వదిన చేను సగం నదిలో కలిసింది. మరుసటి ఏడు మిగతా సగమూ పోయింది. అప్పటికి నేను పట్నం శివారులో ఉండి సంతలో చేపలమ్ముతున్నాను. ఆమె కూతురు నోయెలియా కూడా పట్నంలోనే ఉంది. కొండల మీద నుంచి బట్టల వ్యాపారానికి దిగొచ్చిన లింబెర్ట్ హువాంకా అనే కుర్రాణ్ణి చేసుకుంది. అల్లుడు మంచివాడే. వదినకు మాత్రం వరసైన వాణ్ణి చేసుకోలేదని కొన్నాళ్ళు గుర్రు. "ఆ హువాంకాలతో పరాచికాలాడదామంటే కోపమొస్తుందే వాళ్ళకు. పరాచికాలు పడని వియ్యంకులతో ఏం చేసుకుంటాం?" అనేది. అయినా వేరే దారి లేక వచ్చి మా పక్కనే పాక వేసుకుంది.

చేను లేనిదానికి పట్నంలో ఏం పని దొరుకుతుంది? దోన్యా మిర్తా అని ఒకావిడ బస్సుల స్టాండు దగ్గర కోడి వేపుడు బండి నడుపుతుంది. వదిన అక్కడ చేరింది. పొద్దున్నుంచి బాణలి ముందు ఎత్తుపీట మీద కూర్చోవడమే పని. నూనె నల్లగా జిగటగా అయ్యేదాకా మార్చరు. జీతంతో పాటు తిండి పెడతారు. తిండి అంటే ఇంకేముంది, మిగిలిన వేపుడు, దాని చర్మం, తెల్లన్నం, బంగాళాదుంప వేపుడు, మీదికి సీసా సోడా. ఏటికి ఎదురు దోనె తోసిన మనిషి పీట మీద నుంచి లేవాలంటే బల్ల పట్టుకోవాల్సొచ్చేది. ఒళ్ళు వచ్చింది. చక్కెర జబ్బు వచ్చింది. నేను గొణిగితే, "నీ చేపల కంపు కన్నా నా కోడి వాసన నయం పోవే" అనేది. ఇలా ఏళ్ళు గడిచాయి. రక్తం తీసే బృందం ఎగువ ఊళ్ళకు వెళ్ళేది. వదిన ఇప్పుడు ఎగువన లేదు.

ఆ నొప్పి మొదలైంది వానల్లో. సంత నుంచి వస్తుంటే ఆమె గోడ పట్టుకుని నిలబడి ఉంది. మొహం పిండి పూసినట్టుంది, ముక్కు మీద చెమట. ఏమైందంటే, "ఏం లేదే, మిర్తా కూర్చుంది నా ఛాతీ మీద" అంది. దోన్యా మిర్తా బరువు చూసినవాళ్ళకు ఆ మాట అర్థమవుతుంది. నేను మాత్రం నవ్వలేదు. ఎడమ దవడ లాగేస్తోందని, చెయ్యి బరువెక్కిందని, రెండు రోజుల నుంచీ ఇలాగే వచ్చి పోతోందని నెమ్మదిగా బయటపెట్టింది. చెయ్యి పట్టుకుని సాంతా ఇరేనేకు లాక్కెళ్ళాను.

డాక్టరు పేరు అరాన్సీబియా. కొచబాంబాలో చదువుకుని కొత్తగా వచ్చినవాడు. మనిషి చెడ్డవాడు కాడు. నా బాధంతా అదే! చెడ్డవాడైతే నాలుగు తిట్టి నా మానాన నేనుండేదాన్ని. కాగితం మీద కళ్ళు పెట్టుకునే పేరడిగాడు.

"కసిమీరా తాయో" అంది వదిన.

"తాయో!" ఆయన గొంతులో పండగొచ్చింది. కళ్ళు మాత్రం కాగితం మీదే ఉన్నాయి. "చిమానెలన్నమాట. మీ గురించి మాకు పాఠమే ఉండేదమ్మా కాలేజీలో. చెప్పండి, ఏంటి ఇబ్బంది?"

వదిన కుదురుగా కూర్చుని, బట్టలు సర్దుకుని, "వానలు బాగా పట్టాయి కదా డాక్టరుగారూ. మీ కొచబాంబాలో కూడా ఇలాగే కురుస్తాయా?" అంది.

నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయనేమో, "కురుస్తాయమ్మా" అని రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో! ఒళ్ళు నొప్పుల్లేవు, హాయిగా కబుర్లు చెబుతోంది అని రాసుకున్నాడేమో. నేనే అందుకున్నాను.

"అయ్యా, ఈవిడకు ఛాతీ నొక్కేస్తోంది. దవడ లాగుతోంది. చెమటలు కారుతున్నాయి. నాలుగడుగులేస్తే కూలబడుతోంది."

రక్తం తీయించాడు. బయట బల్ల మీద కూర్చున్నాం. మళ్ళీ పిలిచేసరికి కాగితం చేతిలో పట్టుకుని నవ్వుతున్నాడు.

"చూశారా, సీఆర్పీ ఎంత ఎక్కువుందో! వేరేవాళ్ళకు ఇంతుంటే నేను కంగారుపడేవాణ్ణి. మీ వాళ్ళకు ఇది మామూలే. కడుపులో పురుగులు. మాత్రలు రాస్తున్నాను, పిల్లలక్కూడా వెయ్యండి."

"గుండె చూడరా అయ్యా? ఆ తీగలంటించి గీతలు తీసే యంత్రం ఉందిగా మీ దగ్గర?"

"అమ్మా, లోకంలో అందరికన్నా శుభ్రమైన గుండెలు మీవి. దాని మీద యంత్రం పెట్టి నేనేం చూడాలి?"

"ఈవిడ అడవి వదిలి చాలా ఏళ్ళయిందయ్యా. కోడి వేపుడు బండి దగ్గర పని. ఆ నూనె, ఆ సోడా..."

"ఎక్కడున్నా రక్తం రక్తమే కదమ్మా" అన్నాడు. ఎంత తియ్యగా అన్నాడో!

ఈ మాట తలచుకున్నప్పుడల్లా ఒళ్ళు భగ్గుమంటుంది నాకు. రక్తం చూశానన్నాడు గానీ, ఆయన చూసింది ఇంటిపేరు. ఇంటిపేరు చూసి రక్తం చదివాడు. అదే అంకె ఇంకొకరి కాగితం మీద ఉంటే లేచి నిలబడేవాడు. తాయో అని కనపడేసరికి అది పాఠంలోని అంకె అయిపోయింది, పురుగులైపోయింది. డాక్టరమ్మ మరీసోల్ ఇన్నేళ్ళు ఎండలో తిరిగి, మా ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని తెలుసుకున్న దాన్ని ఈయన మా మీదికే అడ్డుగోడలా కట్టాడు. రోగం రానివాళ్ళని మమ్మల్ని మెచ్చుకుని, రోగం వచ్చిన మనిషిని ఇంటికి పంపాడు.

వదిన మాత్రం పొంగిపోయింది. గేటు దగ్గర గోడ మీది బొమ్మ చూపించి, "విన్నావా మరదలా? నా గుండె మీద యంత్రం పెట్టడం కూడా దండగంట. నీకు లేదు ఆ యోగం, నువ్వు కుళ్ళుకోవాలి" అంది. ఆ గోడ దాటేలోపే రెండుసార్లు ఆగింది ఊపిరి కోసం.

పురుగుల మందు వేసుకుంది. బండి దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎన్నాళ్ళో కాలేదు, ఒక మధ్యాహ్నం బాణలి ముందే ముందుకు తూలింది. దోన్యా మిర్తా జబ్బ పట్టుకుని వెనక్కి లాగకపోతే నూనెలో పడేది. లింబెర్ట్ మోటారు రిక్షా తెచ్చాడు. వదినకు ఒళ్ళు చల్లబడి వణుకుతుంటే వాళ్ళమ్మ, అంటే మా వియ్యపురాలు, తన గళ్ళ శాలువా తీసి తల చుట్టూ కప్పింది. దారంతా నా బుర్రలో ఒకటే మాట. తాయో అంటే మళ్ళీ పురుగుల మందే.

ఆసుపత్రి కిటికీ దగ్గర రాసుకునే అమ్మాయి, "పేరు?" అంది.

"కసిమీరా," అన్నాను. "కసిమీరా హువాంకా."

నోయెలియా నా వంక గిరుక్కున తిరిగింది. కాలు తొక్కాను. కార్డేదని అడిగితే, "మనిషి పోయేలా ఉంటే కార్డంటావేంటమ్మా, తర్వాత తెస్తాం" అని అరిచాను. నా గొంతుకు జడిసి లోపలికి తోయించింది.

లోపల మళ్ళీ అరాన్సీబియాయే! పట్టేస్తాడనుకున్నాను. ఆయన మా మొహాలు కాదు, కాగితం చూశాడు. హువాంకా. ఛాతీ నొప్పి. ఒక్క క్షణం ఆగలేదు. "తీగలు తీసుకురండి!" అని కేకేశాడు. మొన్న అడిగితే దండగన్న యంత్రం పరుగెత్తుకుంటూ వచ్చింది. గీతలు చూసి ఆయన మొహం మాడిపోయింది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి దిగే సరుకేదో ఉందట, దాని పరీక్షకు ఇంకోసారి రక్తం తీయించాడు. అదీ బోలెడుంది. అప్పుడు మా వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారమ్మా మీరు? ఇది ఇవాళ మొదలైంది కాదు. మొన్న మొన్నే ఒకసారి వచ్చి ఉంటుంది. ముందే తీసుకురావద్దూ? ఇంటి పెద్దావిడంటే అంత చులకనా?"

నన్ను! నన్నన్నాడా మాట! ఆయన చొక్కా పట్టుకుని, తెచ్చాంరా నాయనా, నీ దగ్గరికే తెచ్చాం, నీ ఎదురుగానే కూర్చోబెట్టాం అని ఊరంతా వినపడేలా అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది. అరిస్తే హువాంకా కాదని తెలుస్తుంది. తాయో అని తెలిస్తే ఆ తీగలు పీకేస్తారేమో, ఆ మందు ఆపేస్తారేమో. తలొంచుకుని, "తప్పయిపోయిందయ్యా" అన్నాను. నా బతుకులో అంత చేదు మాట ఇంకోటి మింగలేదు.

ఆ తర్వాత ఆయన చేసినదంతా నిక్కంగా చెప్పాలి. నాలుక కింద మాత్ర పెట్టాడు, గాలిగొట్టం పెట్టాడు, త్రినిదాద్‌కు తనే ఫోన్ చేసి, అంబులెన్సు డ్రైవరు బురదరోడ్డని సణిగితే వాణ్ణి కడిగేశాడు. పనివాడే. మందు తెలిసినవాడే. ఇదంతా మొదటి రోజే చేయగలిగి ఉండేవాడు.

అంబులెన్సులో నర్సు ఒకమ్మాయి కూర్చుంది. మాటిమాటికీ, "హువాంకమ్మా, కళ్ళు తెరవండి! హువాంకమ్మా!" అంటుంటే వదిన పలికేది కాదు. నేను గిల్లితే ఒక కన్ను తెరిచి మా భాషలో అంది.

"ఎవరే ఆ హువాంకమ్మ? ఇందాకట్నుంచీ పిలుస్తుంటే పలకదేంటి, పొగరా?"

"నువ్వే వదినా. నేనే ఆ పేరు చెప్పాను. తాయో అంటే చూడరని."

మళ్ళీ కళ్ళు మూసుకుంది. కోపమొచ్చిందేమో అనుకున్నాను. మామోరే నది దగ్గర పంటు కోసం లారీల వెనక ఆగాం. తలుపు తీస్తే నీళ్ళ వాసన వచ్చింది. ఆ వాసనకు ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"మంచి పని చేశావు మరదలా" అంది. "ఎవరో ఒకరు చావాలి కాబట్టి ఆ హువాంకమ్మ చస్తుందిలే. మనం ఇంటికి పోదాం."

పంటు రావడం ఆలస్యమైంది. డ్రైవరు దిగి లారీల వాళ్ళను బతిమాలాడు, నేను దిగి బూతులు తిట్టాను. నా బూతులకే దారి ఇచ్చారు. త్రినిదాద్‌లో తీసుకున్నారు, చూశారు, గుండె నాళం ఒకటి పూర్తిగా పూడిపోయిందన్నారు. కొంచెం ముందు తెచ్చి ఉంటే అన్నారు. ఈ ఊళ్ళోనే కదా ఆ చక్రం యంత్రం ఆమె నాళాలను చూసి కడిగిన బుర్రలా ఉన్నాయన్నది! మరునాడు పొద్దెక్కాక వదిన పోయింది. నోయెలియా నేల మీద పడి ఏడుస్తోంది. వాళ్ళిచ్చిన మరణపత్రం మీద కసిమీరా హువాంకా అని ఉంది. ఆ పూట దాన్ని మార్పించే ఓపిక ఎవరికుంటుంది? తెచ్చుకుని మట్టిచేశాం.

ఇదంతా జరిగి ఎక్కువ కాలం కాలేదు. పోయిన నెల పట్నం పాఠశాల ఆవరణలో సాంతా ఇరేనే వాళ్ళు గుండె ఆరోగ్యం గురించి సభ పెట్టారు. నేను చేపల బుట్ట పక్కన పెట్టి వెనక నిలబడ్డాను. డాక్టరు అరాన్సీబియా మైకు పట్టుకుని, నూనె తగ్గించండి, నడవండి అని చక్కగా చెబుతున్నాడు. అంతటితో ఆపితే పోయేది.

"మన పక్కనే ఉన్న చిమానె సోదరులను చూసి నేర్చుకోండి. రక్తంలో మంట ఎంతున్నా వాళ్ళ గుండె చెక్కుచెదరదు. నేనొచ్చాక గుండెపోటుతో మా ఆసుపత్రికొచ్చి చనిపోయినవాళ్ళున్నారు. వాళ్ళలో చిమానె మనిషి ఒక్కరంటే ఒక్కరు లేరు."

జనం చప్పట్లు కొట్టారు. నా కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి.

"ఒకరున్నారు" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఒకరున్నారు. కసిమీరా తాయో. మా వదిన."

ఆయన నెమ్మదిగా గుర్తు చేసుకుని, "ఆ పేరుతో ఎవరూ పోలేదమ్మా. వానల్లో హువాంకా అని ఒకావిడ..." అన్నాడు.

"ఆ హువాంకాయే తాయో. నేనే పేరు మార్చి చెప్పాను."

గుసగుసలు లేచాయి. ముందు వరసలో నగరసభ గుమాస్తా ఒకడు వెనక్కి తిరిగి, "దొంగ పేరిచ్చి వైద్యం చేయించుకోవడం నేరమని తెలుసా? మీ వాళ్ళకు ఎంత చెప్పినా ఇంతే" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ వెధవకు సమాధానం చెప్పే ఓపిక లేక డాక్టరు వైపే చూశాను.

"అవునయ్యా, అబద్ధమాడాను. నిజం పేరు చెప్పిన రోజు నువ్వు పురుగుల మందిచ్చావు. దొంగ పేరు చెప్పిన రోజు గుండె చూశావు. రెండు రోజులూ ఒకటే మనిషి, ఒకటే రక్తం, అదే డాక్టరు. ముందే తీసుకురావద్దా అని నన్ను తిట్టావు చూడు, ముందే తెచ్చాను. నీ దగ్గరికే తెచ్చాను. మా వాళ్ళకు గుండెపోటు రాదని ఈ మైకులో చెబితే, రేపు ఇంకో తాయో వస్తుంది నీ గుమ్మంలోకి, ఇంకో చిమానె వస్తాడు. వాళ్ళూ పేరు మార్చుకుని రావాలా?"

డాక్టరు మైకు బల్ల మీద పెట్టి కిందికి దిగి నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. తిడతాడనుకున్నాను, సాకులు చెబుతాడనుకున్నాను. దేనికైనా సిద్ధంగా ఉన్నాను. ఆయన నా ఒక్కదానికే వినపడేలా అడిగాడు.

"ఆవిడ... ఎలా ఉండేదమ్మా?"

"రెండుసార్లు చూశావు కదయ్యా" అన్నాను.